బిళ్ల అమ్మినవారిదే బాకీ

న్యూయార్క్‌లో పసుపు ట్యాక్సీ బానెట్ మీద అరచేతిలో పట్టేంత రేకు బిళ్ల ఒకటి బిగించి ఉంటుంది. దాని మీద ఒక నంబరు. వెనకటి బంట్రోతుల డవాలీ బిళ్లలాగే అదీ సర్కారు వారి గుర్తు. వీధిలో చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకునే హక్కు ఈ బండికి ఉందని అది చాటుతుంది. ఇంగ్లిషులో దాన్ని మెడాలియన్ అంటారు. 1937లో దాని రుసుము 10 డాలర్లు. 2014 నాటికి ఒక్కో బిళ్ల 10 లక్షల డాలర్లు దాటింది. మరో నాలుగేళ్లకు 2 లక్షల దరిదాపులకు పడిపోయింది. ధర కొండెక్కినప్పుడు అప్పు చేసి కొన్నవాళ్లలో అత్యధికులు బంగ్లాదేశ్, పాకిస్తాన్, పంజాబ్, హైతీల నుంచి వలస వచ్చి రోజుకు పన్నెండు గంటలు స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు.

యాప్ క్యాబ్‌లకూ పాత ట్యాక్సీలకూ మధ్య తగువును పాతకూ కొత్తకూ పోటీగా చెప్పేయడం మామూలైపోయింది. ఎడ్లబండి పోయి మోటారు వచ్చినట్టే ఇదీనని, ఏడ్చి లాభం లేదని వాదన. న్యూయార్క్ కథను మొదటినుంచీ చూస్తే ఆ వాదన నిలవదు. అక్కడ ఓడిపోయింది పాత యంత్రం కాదు. ప్రభుత్వం చేతిలో పెట్టిన మాటను నమ్మినవాడు ఓడిపోయాడు.

ఆ మాట ఎలా పుట్టిందంటే, 1930లలో ఆర్థిక మాంద్యం వచ్చి పని పోయినవాళ్లంతా ట్యాక్సీలు తోలడం మొదలుపెట్టారు. వీధిలో ఎక్కేవాళ్లకన్నా బండ్లే ఎక్కువయ్యాయి. గిరాకీ కోసం కొట్లాటలు, సమ్మెలు, పగలంతా తిరిగినా పెట్రోలు ఖర్చు రాని రోజులు. మేయర్ లా గార్డియా హయాంలో, 1937లో, హాస్ చట్టం వచ్చి బండ్ల సంఖ్యకు హద్దు గీసింది. ఇప్పటికీ ఆ బిళ్లలు 13,587 మాత్రమే. ఇది రెండువైపుల ఒప్పందం. ఛార్జీ ఎంతో నగరం నిర్ణయిస్తుంది, బండిని తనిఖీ చేస్తుంది, ఎక్కడికి రమ్మన్నా కాదనకూడదంటుంది. బదులుగా, నీ కడుపు కొట్టేలా వీధిని బండ్లతో నింపను అంటుంది.

పసుపు ట్యాక్సీలు తమవైపు మాటను ఎప్పుడూ నిలబెట్టుకున్నాయని చెప్పడానికి లేదు. బ్రూక్లిన్‌కు రమ్మంటే రానన్నవాళ్లు, నల్లజాతివాడు చెయ్యెత్తితే ఆపకుండా వెళ్లిపోయినవాళ్లు చాలామంది. నది అవతలి పేటల్లో పసుపు బండి కంటపడటమే అరుదు. యాప్ వచ్చినప్పుడు ఆ పేటలవాళ్లు ఊపిరి పీల్చుకున్నారంటే తప్పు వాళ్లది కాదు.

ఉబర్ 2011లో న్యూయార్క్‌లోకి దొడ్డిదారిన రాలేదు, చట్టం తెరిచి ఉంచిన తలుపులోంచే వచ్చింది. అక్కడి నిబంధనల్లో రెండు రకాల బండ్లున్నాయి. వీధిలో చెయ్యెత్తితే ఆగేది ఒకటి, ముందుగా ఫోన్ చేసి పిలిపించుకునేది రెండోది. మొదటిదానికి బిళ్ల కావాలి. రెండోదానికి అక్కర్లేదు, సంఖ్యకు హద్దూ లేదు. ఫోన్ చేశాక కారు రావడానికి అరగంట పట్టిన రోజుల్లో ఆ తేడాకు అర్థం ఉండేది. ఫోన్ జేబులోకి వచ్చి, వేలితో తాకితే మూడు నిమిషాల్లో కారు వస్తున్నప్పుడు ఆ తాకడమే చెయ్యెత్తడం అయిపోయింది. చట్టం మాత్రం ఇంకా దాన్ని ముందస్తు బుకింగ్ కిందే లెక్కగట్టింది. బిళ్ల అమ్ముకున్న నగరమే బిళ్ల అవసరం లేని దారిని బార్లా తెరిచిపెట్టింది.

2015లో మేయర్ బిల్ డి బ్లాసియో ఈ కొత్త కార్ల సంఖ్యకు కళ్లెం వేయబోయారు. ఉబర్ తన యాప్‌లో మేయర్ పేరుతోనే ఒక మీట పెట్టింది. అది నొక్కితే కారు రావడానికి 25 నిమిషాలు పడుతుందని చూపించేది, ఆ ప్రతిపాదన గెలిస్తే ఇదీ మీ గతి అన్నట్టు. నగరం వెనక్కి తగ్గింది. మూడేళ్లలో పిలుపు మీద వచ్చే అద్దె కార్లు లక్షకు చేరాయి.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. తెలియాల్సిన భాగం అప్పుల పద్దులో ఉంది. ఉబర్ బలపడకముందే బిళ్ల ధర గాలి నింపిన బుడగలా ఉబ్బింది. బండి ఏడాదికి ఎంత సంపాదిస్తుందో చూడకుండా, బిళ్ల ధర రేపు ఇంకా పెరుగుతుందన్న ఒక్క నమ్మకం మీద రుణ సంఘాలు లక్షల డాలర్లు అప్పిచ్చాయి. చాలా రుణాల్లో నెలనెలా కట్టేది వడ్డీ మాత్రమే, అసలు కదిలేది కాదు. ధర పెరిగినప్పుడల్లా పాత అప్పు మీద కొత్త అప్పు రాయించారు. ఇంగ్లిషు సరిగా రానివాళ్లు ఏం రాసి ఉందో తెలియకుండానే సంతకాలు పెట్టారు. నగరం దీన్ని చూస్తూ ఊరుకోవడమే కాదు, తానే కొత్త బిళ్లలు వేలం వేసింది, కొనండి లాభమని ప్రకటనలిచ్చింది. బిళ్లల అమ్మకాల మీద, వాటి బదిలీ పన్నుల మీద నగరానికి 85 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన బయటపెట్టింది. ఆ కథనాలకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. ఉబర్ ఆ బుడగకు తగిలిన సూది. బుడగ ఊదినవాళ్లు వేరే ఉన్నారు.

2018లో డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫిబ్రవరిలో ఒకరు సిటీ హాల్ ఎదుటే. ఆయన పసుపు ట్యాక్సీ తోలేవాడు కాదు, పిలుపు మీద వచ్చే కారు డ్రైవరు. వారానికి వంద గంటలకు మించి పనిచేసినా బతకలేకపోతున్నానని రాసి వెళ్లిపోయారు. అంటే రోడ్డు మీద బండ్లు హద్దు దాటితే బిళ్ల ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే గతి పడుతుంది. 1937లో చట్టం చేసినవాళ్లకు తెలిసిన ఈ సంగతి వాళ్ల వారసులకు మళ్లీ తెలియడానికి ఇన్ని చావులు కావాల్సి వచ్చింది.

ఆ ఆగస్టులో నగర కౌన్సిల్ కొత్త అద్దె కార్ల లైసెన్సులు ఆపేసింది. అమెరికా మహానగరాల్లో ఆ పని చేసిన మొదటిది అదే. ఆ డిసెంబరులో నగర ట్యాక్సీ కమిషన్ యాప్ డ్రైవర్లకు ఖర్చులు పోను గంటకు 17.22 డాలర్లు మిగిలేలా కనీస ఆదాయం ఖరారు చేసింది. నగరం చేయించిన అధ్యయనంలో అప్పటిదాకా నూటికి 85 మంది అంతకన్నా తక్కువే సంపాదిస్తున్నారని తేలింది. కొత్త యంత్రం తెచ్చిన బంగారు బతుకు అదీ.

పసుపు బండ్లవాళ్ల అప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. సగటున ఒక్కొక్కరి మీద 5.5 లక్షల డాలర్లని న్యూయార్క్ ట్యాక్సీ వర్కర్స్ అలయన్స్ లెక్క. గుజరాత్‌లో పుట్టిన భైరవి దేశాయ్ ఆ సంఘానికి నాయకురాలు. 2021 సెప్టెంబరులో సిటీ హాల్ దగ్గర రాత్రింబవళ్ల బైఠాయింపు మొదలైంది. అక్టోబరు 20న నిరాహార దీక్షకు దిగారు. దీక్షలో కూర్చున్నవారిలో అప్పటికి రాష్ట్ర శాసనసభ్యుడైన జొహ్రాన్ మమ్దానీ కూడా ఉన్నారు, తర్వాత అదే నగరానికి మేయరుగా ఎన్నికైన మనిషి. అరవై దాటినవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు చలిలో పదిహేను రోజులు అన్నం మానేశారు. నవంబరు 3న ఒప్పందం కుదిరింది. ఒక్కో అప్పును 2 లక్షల డాలర్లకు కుదించారు. అందులో 1.7 లక్షలకు నగరమే హామీ. నెల కిస్తీ 1,122 డాలర్లకు మించకూడదు. డ్రైవరు కట్టలేకపోతే రుణదాత అతని ఇంటి మీదకు రాకుండా నగరం ఖజానా అడ్డు నిలుస్తుంది. అడగాల్సింది సరిగ్గా అదే. మాట ఇచ్చిన చేయి ఎవరిదో, బాకీ తీర్చాల్సిన చేయీ వారిదే.

2022 మార్చిలో ఉబర్ తన యాప్‌లో పసుపు ట్యాక్సీలనూ చూపించేందుకు ఒప్పుకుంది. పదేళ్ల శత్రువులు ఒకే తెర మీదికి వచ్చారు. అప్పటికి పోయినవాళ్లు పోయారు.

ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ ఇంత రక్తపాతం లేకుండా అదే పని చేసింది. అక్కడా ట్యాక్సీ పలకలు లక్షల డాలర్లకు కొన్నవాళ్లున్నారు. యాప్‌లను చట్టబద్ధం చేసి, 2018 నుంచి యాప్ కారైనా ట్యాక్సీ అయినా ప్రతి ప్రయాణం మీద ఒక డాలరు వసూలు చేసి, ఆ డబ్బుతో పలకలున్నవాళ్లకు పరిహారం ఇచ్చింది. ఇచ్చింది చాలదని వాళ్లు పోరాడారు, అది నిజం. కానీ బాకీ ఉందని ప్రభుత్వం ముందే ఒప్పుకుంది.

హైదరాబాద్‌లో లక్షల డాలర్ల బిళ్లలు లేవు. ఇక్కడి బిళ్ల మీటరు. ఆటో మీటరు కూడా ప్రభుత్వం చేతి మాటే. సీలు వేసేది వాళ్లు, రేటు రాసేది వాళ్లు. 2014లో ఆ రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 రూపాయలుగా ఖరారైంది. దశాబ్దం గడిచినా అంకె కదల్లేదు. ఈ మధ్యలో గ్యాసు పెరిగింది, బీమా పెరిగింది, బండి ధర పెరిగింది. 20 రూపాయలకు ఇవాళ హోటల్లో ఒక ఇరానీ చాయ్ వస్తుంది. ఆటో కనీస కిరాయీ అంతే. మీటర్ వేయమంటే ఆటోవాలా ఎందుకు రానంటాడో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అతని మొరటుతనాన్ని, అర్ధరాత్రి స్టేషన్ బయట అడిగే మూడింతల కిరాయిని వెనకేసుకు రావాల్సిన పనిలేదు. కానీ వేస్తే నష్టపోయే మీటరును అతని బండికి బిగించింది రవాణా శాఖ. మీటరు చచ్చిపోయిన చోట ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకే యాప్ వచ్చింది.

వచ్చిన కొత్తలో నెలకు లక్ష దాకా సంపాదించవచ్చన్న ఆశతో ఊళ్లలో పొలం కుదువబెట్టి కారు కొన్నవాళ్లు ఎందరో. ఇన్సెంటివ్‌లు తగ్గాయి, కార్లు పెరిగాయి, కిస్తీలు నిలిచిపోయాయి. 2017 మొదట్లోనే హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ క్యాబ్ డ్రైవర్లు వరుసగా సమ్మెలకు దిగారు. 2024 ఏప్రిల్ ఎండల్లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ పిలుపు మీద హైదరాబాద్ డ్రైవర్లు ఏసీ వేయం అన్నారు. ఏసీ వేస్తే కిలోమీటరుకు 16 నుంచి 18 రూపాయలు ఖర్చు, చేతికొచ్చేది 10 నుంచి 12 అని వాళ్ల లెక్క. వెనక సీట్లో చెమటలు కక్కుతున్నవారికి కోపం డ్రైవరు మీదే వచ్చింది. రేటు కట్టినవారు వాళ్ల కంటికి కనపడరు మరి. డ్రైవరుకూ కనపడరు. యాప్‌లో తన ఐడీ బ్లాక్ అయితే ఎవరిని అడగాలో అతనికి తెలియదు.

2025లో ఉబర్ ఆటోలకు కమీషన్ తీసేసి, రోజువారీ రుసుము కట్టించుకునే పద్ధతికి మారింది. రాపిడో అంతకుముందే ఆ దారి పట్టింది. కమీషన్ పోవడం డ్రైవరుకు మేలే. కానీ కంపెనీ ఇక కిరాయికి పూచీ పడదు, ఇద్దరినీ కలిపి తప్పుకుంటుంది. కిరాయి మీరూ మీరూ తేల్చుకోండి అంటే, రోడ్డు మీది పాత బేరమే తెర మీదికి ఎక్కిందన్నమాట.

అదే ఏడాది జులైలో కేంద్రం అగ్రిగేటర్లకు కొత్త మార్గదర్శకాలిచ్చింది. రద్దీ వేళల్లో మూల ఛార్జీకి రెండింతల దాకా వసూలు చేయవచ్చు. సొంత బండి ఉన్న డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం ఇవ్వాలి. వినడానికి బాగుంది. ఆ మూల ఛార్జీ చెప్పాల్సింది మాత్రం రాష్ట్రం. రాష్ట్రం చేతిలో ఆటోకు ఉన్న అంకె 2014 నాటిది. పాతబడ్డ అంకెలో 80 శాతం అంటే పాతబడ్డ కూలే.

2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు వచ్చింది. అది మంచి పథకం, పేద ఆడవాళ్ల చేతిలో డబ్బు మిగిల్చింది. దాని వల్ల ఆటో గిరాకీ ఎంత పడిపోతుందో ముందే లెక్కవేసి ఏర్పాటు చేయకపోవడమే తప్పు. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులో అదే పథకం తెచ్చి, అక్టోబరులో డ్రైవర్ల ఖాతాల్లో 15,000 రూపాయల చొప్పున వేసింది. నష్టం జరిగిందని ఒప్పుకోవడమే అది, ఆ మేరకు మెచ్చుకోవాలి. అయితే ఏడాదికి 15,000 అంటే రోజుకు 41 రూపాయలు. ఇంటి కిరాయి, బండి కిస్తీ, పిల్లల ఫీజులు నడవాల్సింది రోజువారీ గిరాకీ మీద, దానికి వచ్చే న్యాయమైన రేటు మీద.

ఆ రేటు కట్టడానికి ఢిల్లీ నుంచి అనుమతి రానక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ఛార్జీలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రానికే ఇచ్చింది. గ్యాసు ధరతో పాటే కదిలే మీటరు రేటు, ఆటోకైనా క్యాబ్‌కైనా యాప్ ఏదైనా ఆ రేటుకు తగ్గకూడదన్న నిబంధన, ఐడీ ఆపేస్తే కారణం చెప్పి వాదన వినే ఒక అధికారి. సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడ్డ ఆటోవాలా, శంషాబాద్ విమానాశ్రయం పార్కింగులో గంటల తరబడి క్యూలో ఉన్న క్యాబ్ డ్రైవరు అడుగుతున్నవి ఈ మూడే. ఒక్క జీవోతో మొదలుపెట్టగల పని ఇది.