ఉపగ్రహానికి పొగ కనిపిస్తుంది, రైతు కనిపిస్తాడా?



వరి కోతలు ముగిసిన రోజుల్లో కౌడిపల్లి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా సాయంత్రానికి పొలాల్లో పొగ లేస్తుంది. హార్వెస్టర్ కోసి వదిలేసిన కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. హాస్టల్ వరండాలో చదువుకుంటుంటే నల్లటి నుసి పుస్తకాల మీద పడటం మనందరికీ అనుభవమే. ఆ మంటలను మనమే కాదు, ఉపగ్రహాలు కూడా చూస్తున్నాయి.

మంట నుంచి కంటికి కనబడని పరారుణ కిరణాలు వెలువడతాయి. ఉపగ్రహం వాటిని పసిగడితే పటం మీద ఒక ఎర్ర చుక్క పడుతుంది. ఫొటోలో పొగ బూడిద రంగు చారలాగా, అరబ్ ఎడారుల నుంచి సముద్రం మీదికి కొట్టుకొచ్చే దుమ్ము లేత గోధుమ రంగు తెరలాగా కనిపిస్తాయి. ఇటువంటి సమాచారాన్ని అందుకునే కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. దాన్ని నడిపే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో, నర్సాపూర్ మీదుగా మనం హైదరాబాద్ పోయే దారిలోనే ఉంది.

అయితే ఈ కన్నుకు కొన్ని పరిమితులున్నాయి. 2011లో అమెరికా ప్రయోగించిన సువోమీ ఎన్‌పీపీ వంటి ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి అదే వేళకు మన మీదుగా పోతాయి. వాయవ్య భారతంలో మధ్యాహ్నపు ఉపగ్రహం దాటాక నిప్పు పెట్టడం పెరిగిందని 2024లో శాస్త్రవేత్తలు గుర్తించారు. అదే ఏడాది మన దేశం ప్రయోగించిన ఇన్సాట్-3డీఎస్ 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి రోజంతా మనవైపే చూస్తుంది. కానీ అంత దూరం నుంచి చిన్న మంటలు దానికి ఆనవు.

ఇంకొక సంగతి. సువోమీ పటంలో ఒక్కో చుక్క 375 మీటర్ల చదరానికి గుర్తు. అంటే సుమారు 35 ఎకరాలు. మన ఊళ్లల్లో అంత భూమిలో ఎంతమంది చిన్న రైతులుంటారో లెక్కేయండి! నిప్పు పెట్టింది ఎవరో ఆ చుక్క చెప్పలేదు. ఎందుకు పెట్టారో అసలే చెప్పలేదు. ఢిల్లీ పరిసర రాష్ట్రాల్లో 2024 నవంబరులో ఐదెకరాలు దాటిన రైతుకు జరిమానాను 30,000 రూపాయలకు పెంచారు. రేపు ఆ పద్ధతి మన దగ్గరికి వస్తే, ముందుగా దొరికేది కౌలుకు చేసుకునే మన తల్లిదండ్రులే.

అలాగని కాల్చడం మంచిదని మేము అనడం లేదు. గడ్డిలోని నత్రజని గాలిలో కలిసిపోతుంది, నేలలోని మేలు చేసే జీవులు చస్తాయి, పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ఊపిరాడదు. సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి కలియదున్నితే కొయ్యకాళ్లే ఎరువవుతాయి. కానీ దున్నడానికి ట్రాక్టర్ కిరాయి కావాలి, నాటుకు ముందు గడువు కావాలి. అవి లేని రైతు చేతిలో అగ్గిపుల్ల ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి ఆ చుక్కను చూసి ఊరికి ముందు రావాల్సింది జరిమానా కాగితం కాదు, గడ్డి కట్టలు కట్టే మిషన్. ఇది మా అభిప్రాయం.

మనం చేయగలిగిందీ ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటల సమాచారం పంపుతోంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరులకూ ఫోన్‌లో హెచ్చరిక వస్తుంది. నర్సాపూర్ అడవి పక్కనే పెరిగిన మనం ఆ పని చేయలేమా? మన ఇళ్లల్లో ఆ పటాన్ని చదవగల మొదటి తరం మనమే. చదివింది నాన్నకు అర్థమయ్యేలా చెబుదాం. నాన్న కష్టం ఆఫీసరుకు అర్థమయ్యేలా రాద్దాం.