ఫోన్లో ఉన్న పుస్తకం ఎవరిది?

కోటవురట్లలో డీఎస్సీకో, గ్రూప్స్‌కో చదువుతున్న ఏ కుర్రోడి ఫోనైనా చూడండి. పీడీఎఫ్‌లకి లోటు నేదు. వాట్సాప్‌లో, టెలిగ్రాంలో వచ్చినవి వందల్లో ఉంటాయి. కానీ మొన్న దింపిన సైకాలజీ నోట్సు బేగి తియ్యమంటే తెల్లమొహం వేస్తాడు. అది ‘డాక్-20250420-డబ్ల్యూఏ0007’ అన్న పేరుతో ఎక్కడో పడుంటాది. ఫోన్ నిండిపోయిందని ఓరోజు అన్నీ తుడిచేస్తే అదీ పోతాది. ‘నెట్లో మళ్లీ దొరుకుతాది కదా’ అంటాడు. ఆ ధీమాయే కొంప ముంచుతాది.

ఎలగంటే, ప్రభుత్వ సొమ్ముతో లక్షల పాత పుస్తకాలు స్కాన్ చేసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో పెట్టారు. తెలుగువే వేలల్లో ఉండేవి. కాపీరైటు గొడవతో 2017లో ఆ సైటు మూతపడింది. వాటి కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరబట్టి మనకి మిగిలాయి. ఆ ఆర్కైవ్ మీద కూడా 2024 అక్టోబరులో హ్యాకర్లు పడ్డారు. కొన్నాళ్లు అది తెరుచుకోనే లేదు.

డబ్బులిచ్చి కొన్నవాటిదీ అదే కత. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ కొట్టు కట్టేసింది. సొమ్ము తిరిగిచ్చింది గానీ పుస్తకాలు పోనాయి. కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపి కేబుల్‌తో ఎక్కించుకునే దారిని 2025 ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్ తీసేసింది. డబ్బు మనది, తాళం వాళ్లది.

మన రైతు వచ్చే ఏటి విత్తనం షావుకారి దగ్గరుందిలే అని ఊరుకోడు. మంచి గింజ ఏరి, ఏ రకమో గుర్తెట్టుకుని ఇంట్లో దాస్తాడు. పుస్తకాన్నీ అలగే దాచాలి.

ఫైలు దించిన రోజే రచయిత, పుస్తకం, సంవత్సరం వరసలో పేరు మార్చండి. పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలామట్టుకు వొట్టి ఫొటోలు. లోపలి మాట కొట్టి వెతికితే దొరకవు, పేరే ఆధారం. పరీక్షలవి, కతలు, వ్యవసాయం అని నాలుగు ఫోల్డర్లు చాలు. ఒక కాపీ ఫోన్లో, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. మెమరీ కార్డు చెప్పి చెడిపోదు. ల్యాప్‌టాప్ ఉంటే కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ సర్దుడంతా చేసిపెడతాది.

ఏవి దాచుకోవచ్చు అన్నదీ తెలుసుండాలి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకి పుస్తకం అందరిదీ అవుతాది. మన జిల్లా ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ 1915లో పోయారు. ఆయన కన్యాశుల్కాన్ని తెలుగు వికీసోర్స్ నుంచి దర్జాగా దించుకోవచ్చు. బతికున్న రచయిత పుస్తకాన్ని దొంగ పీడీఎఫ్‌లో పంచితే మాత్రం ఆయన నోటికాడ కూడు లాగినట్టే.

ఇదంతా కుర్రోళ్ల మీదే వదిలెయ్యడమూ న్యాయం కాదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కాపీరైటు తీరిన తెలుగు పుస్తకాలు పేర్లతో సర్ది, ఒక హార్డ్‌డిస్కులో పెట్టి మండలానికొకటి ఇవ్వడానికి పెద్ద ఖర్చేటి? అది అడగాల్సింది మనమే. అడుగుతూనే, ఈ రాత్రికి మీ ఫోన్లో ఓ పది ఫైళ్లకి పేర్లు పెట్టండి.