పందెం వద్దు, తోడు కావాలి



సోమేనహళ్ళిలోని మా దవాఖానాకు ఒకరోజు ఇద్దరు కుర్రాళ్ళు మూడోవాణ్ణి చెరో రెక్క పట్టుకొని తీసుకొచ్చారు. ఇరవై ఏళ్ళవాడు. వ్యాయామం మానేసి రెండేళ్ళయింది. ఫోనులో ఎవరో విసిరిన సవాలు చూసి, స్నేహితులతో పందెం కాసి, ముందురోజు ఒక్కపూటలో రెండువందల బస్కీలు తీశాడట. తొడలు రాయిలా బిగిశాయి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోందన్నాడు.

"హకీం సాబ్, తైలం ఏదైనా ఇవ్వండి" అన్నారు. ఇవ్వలేదు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. అలవాటులేని శ్రమ హద్దు మీరితే కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సకాలంలో సెలైన్ ఎక్కించారు గనుక కోలుకున్నాడు.

తరువాత అతని తల్లి నాతో, "ఇక ఈ కసరత్తులొద్దు, ఇంట్లో కూర్చుంటే చాలు" అన్నది. ఆ తల్లి భయం నాకు అర్థమైంది. కాని ఆ మాట నేను ఒప్పుకోను. కూర్చోవడం వల్ల వచ్చే జబ్బు డికాక్షన్ రంగులో కనిపించదు, అంతే తేడా. ముప్పై దాటకుండానే షుగరు, బీపీతో వస్తున్న మన పిల్లల్ని నేను చూస్తున్నాను.

ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు విషయాలను యునానీలో 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. వాటిలో గాలి, ఆహారంతో పాటు శరీరపు కదలిక, విశ్రాంతి కూడా ఒకటి. రెండూ కలిపి ఒకటిగా లెక్కించారు, గమనించండి. వ్యాయామం ఎంతవరకు చేయాలో వెయ్యేళ్ళ క్రితమే ఇబ్నె సీనా చెప్పాడు. ముఖంలో కళ పెరుగుతూ, ఒళ్ళు తేలికగా కదులుతున్నంతవరకు చేయాలి. ఆ తేలికదనం తగ్గగానే ఆపాలి. అంకె చూసి కాదు, ఒంటిని చూసి ఆపాలన్నమాట.

సవాలు చెడ్డది కాదు. పక్కవాడితో పోటీ పెట్టుకుంటే హద్దు తెలియదు. ఒంటరిగా మొదలుపెడితే నాలుగోరోజుకే ఆగిపోతుంది. అందుకే నా సలహా ఇది. ఫజర్ నమాజు తరువాత నలుగురైదుగురు కలిసి బయలుదేరండి. మొదటివారం ఇరవై నిమిషాల నడక చాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగం. వారానికి ఐదు నిమిషాలు పెంచండి. ఒక్కరు రాకపోతే మిగతావారు తలుపు తట్టండి. బస్కీలు, దండాలు పదితో మొదలుపెట్టండి. ముందూ వెనుకా కాళ్ళు చేతులు మర్దన చేసుకోండి. మూడునెలల తరువాత అందరూ కలిసి మన గుడిబండ కోట ఎక్కండి. ముందు ఎవరు ఎక్కారని కాదు, అందరూ ఎక్కారా అని లెక్క చూసుకోండి.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందులో మగపిల్లలకొక లెక్క, ఆడపిల్లలకొక లెక్క లేదు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, మళ్ళీ 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. ఆమెకు మొదట శిక్షణ ఇచ్చినది ఆమె తండ్రే. మన అమ్మాయిలందరూ బాక్సర్లు కానక్కరలేదు. చెల్లెళ్ళు, పిన్నులు, అమ్మలు కలిసి చెరువు కట్ట మీద నడిస్తే చాలు. "బయట ఏం పని" అని మాత్రం వారిని ఆపకండి.

షుగరు, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు ముందు తమ డాక్టరును అడగండి. వాడుతున్న మాత్రలు మానకండి. ఛాతీలో నొప్పి, తల తిరగడం, మూత్రం రంగు మారడం కనిపిస్తే ఆగి, ఆసుపత్రికి వెళ్ళండి.

తండ్రులకు ఒక్కమాట. "పోయి నడవరా" అంటే కొడుకు నడవడు. రేపు తెల్లవారి మీరే చెప్పులు తొడుక్కొని "పద నాయనా" అనండి.