తలకోన జలపాతము

శేషాచల పర్వతపంక్తిలోని తలకోన జలపాతమును జూడబోవువారి సంఖ్య నానాటికి హెచ్చుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. దూరదేశముల జలపాతములను జూచివచ్చి వర్ణించు మనవారిలో పలువురు తమ యింటి ప్రక్కనున్న కోన నెరుగరు. ఈ కొరత తీరుచున్నందుకు మేము ఆనందించుచున్నాము. కాని పోవువా రచ్చట విడిచివచ్చుచున్న దేమి?

తిరుపతినుండి భాకరాపేట మీదుగా నెరబైలు దాటినచో సిద్ధేశ్వరాలయము చేరుదుము. ఆపైన కాలినడకయే. రెండుకొండల యిరుకున, ఎండపొడ సోకీసోకని చోట నీరు పారు తావునకు 'కోన' యను ఈ రెండక్షరముల పలుకుకంటె తగిన పేరు మా కెచ్చటను కానరాలేదు. 'తల' యనగా ఆదిశేషుని శిరస్సని కొందరు, కొండవరుసకు మొదలని కొందరు చెప్పుదురు. ఆ వివాదమున మేము దిగము. గిల్లతీగెలు ఏనుగుతొండములవలె మ్రానినుండి మ్రానికి ప్రాకియున్నవి. ఆవల నిలువురాతిగోడపైనుండి 270 అడుగుల యెత్తున నీరు దూకుచున్నది. వానకాలమున నది ఘోష, వేసవిని సన్ననిధార.

ఈ నీరు మంచుకొండ కరగి వచ్చినది కాదు. పైనున్న యడవి వానను పట్టి, రాతిపగుళ్లలో నింకించి, కొంచెము కొంచెముగా విడుచుటచే కలిగినది. అడవియే ఈ జలపాతమునకు చెరువు. 1989లో ఈ ప్రాంతమును శ్రీ వేంకటేశ్వర జాతీయవనముగను, 2010లో శేషాచలమును జీవావరణ రక్షితమండలముగను ప్రకటించుటకు కారణము కేవలము సౌందర్యము గాదు. ఈ కొండలలోను వీని పొరుగుకొండలలోను తప్ప ఎర్రచందనము లోకమున మరెచ్చటను తనంతట పెరుగదు. దానిని గొడ్డలిపాలు చేయువారు కోన నీటిమూలమును గూడ నరకుచున్నారు.

ఇక సందర్శకులు. తిరుమల మెట్టుమెట్టునకు పసుపుకుంకుమలు పూయు భక్తుడే అదే శేషాచలపు మరియొక కొసను సీసా పగులగొట్టి పోవుట మాకు వింతగా నున్నది. అడుగున బండలున్నవని యెరుగక గుండములలో దూకి ప్రాణములు గోల్పోయిన యువకులు గలరు. ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల స్నానమును నిషేధింపుడను కేక బయలుదేరును. వరదవేళల నిషేధము న్యాయమే. తక్కిన దినములలో తలుపు మూయుట పాలనమనిపించుకొనదు. నీటికై వచ్చినవాడు కావలిలేని చోటు వెదకికొని దిగును, అపాయము హెచ్చును.

ప్రవేశరుసుము వసూలగుచున్నది. ఆ సొమ్మును ముందుగా కోనకే వినియోగింపవలెను. ఏ బండ జారునో, ఏ గుండ మెంత లోతో బాల్యమునుండి యెరిగిన నెరబైలు ప్రాంతపు యువకులను జీతములిచ్చి కావలి నియమింపవలెను. లోతులేని తావులకు త్రాళ్లు కట్టి హద్దు లేర్పరుపవలెను. ప్లాస్టికు సీసాలను గాజుసీసాలను ద్వారముకడనే నిలిపి, లోపల త్రాగునీటి నమర్పవలెను. ఇవి గొప్పవ్యయముతో గూడిన పనులు గావు. రాబోవు వానలు పడకమున్నే అటవీశాఖవారు వీనిని నెరవేర్పగలరు.