వరికే భరోసా, నీటికేదీ?

కోరుట్ల రైతును ‘ఈ యాసంగికి ఏం వేస్తున్నవే?’ అని అడిగితే ‘వరి గాక ఇంకేం వేస్తం?’ అంటాడు. ఒకప్పుడు చెరుకుకూ పసుపుకూ పేరుపడ్డ నేల ఇది. 2015 డిసెంబరులో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు కనుమరుగైంది. పసుపుకు మద్దతు ధర లేదు. ఊళ్లోనే కాంటా పెట్టి సర్కారు ఏటా కొనే పంట వరి ఒక్కటే. అలాంటప్పుడు రైతును తప్పుపట్టడం అన్యాయం.

2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు. అర్ధరాత్రి బాయికాడ పడిగాపులు, పాముకాట్లు తప్పాయి. ఆ రోజుల్లో కరెంటు రాగానే మోటరు దానంతటదే నడిచేందుకు బిగించిన ఆటో స్టార్టర్లు మాత్రం చాలాచోట్ల ఇంకా ఊడలేదు. మడి నిండి గట్టు పొర్లినా మోటరు పోస్తూనే ఉంటుంది. చెరువుల పూడికతీతతో, మిడ్‌మానేరు నీళ్లతో సిరిసిల్లలో భూగర్భ జలం పైకి వచ్చింది. దాన్ని దాచుకోవాల్సింది పోయి, కిలో బియ్యానికి వేల లీటర్లు తాగే పంటకు రెండు కార్లూ ధారపోస్తున్నాం.

2021లో యాసంగి వరి వద్దన్న రాష్ట్ర ప్రభుత్వమే 2022 ఏప్రిల్‌లో ఆ వడ్లు కొంటానంది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. పాలకులు మారినా పైసలు వరి మడికే పారుతున్నాయి.

పంజాబ్ నడిచిన దారే ఇది. ఉచిత కరెంటు, ఖాయమైన కొనుగోలు కలిసి అక్కడ బోర్లను పాతాళానికి దించాయి. జూన్ 10కి ముందు నాట్లు వేయొద్దని 2009లో చట్టం తేవాల్సి వచ్చింది. కోత ఆలస్యమై, గోధుమకు వ్యవధి చాలక రైతులు కొయ్యకాళ్లు కాల్చారు. ఆ పొగ ఢిల్లీ దాకా పోయింది. హార్వెస్టర్ వెళ్లాక అగ్గిపుల్ల గీసే అలవాటు జగిత్యాల పొలాలకూ వచ్చేసింది.

ఉచిత కరెంటు ఉండాల్సిందే, ఆటో స్టార్టర్లు మాత్రం పోవాలి. మక్కలు, పప్పుధాన్యాలను వడ్లలాగే ఏటా ఊళ్లోనే కొనాలి. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు ప్రారంభించిన కేంద్రం పసుపుకు మద్దతు ధర కూడా ప్రకటించాలి. యాసంగిలో వరి మానిన ఎకరానికి బోనస్ ఇవ్వాలి. నారు పోశాక చెప్పే మాట రైతుకు పనికిరాదు. ఈ నిర్ణయాలు యాసంగి నార్లకు ముందే వెలువడాలి.