ముందు సూది బరువు, తర్వాతే రేటు

తాతయ్య అటక మీది రికార్డులు కిందికి దించారా? బాగుంది. ఆ హుషారులో సూట్‌కేస్ ప్లేయర్ మాత్రం ఆర్డర్ పెట్టేయకండి. ముచ్చటగా ఉంటుంది, రీల్స్‌కి పనికొస్తుంది. కానీ చౌక మోడళ్లు చాలావాటిలో సూది దాదాపు 5 గ్రాముల బరువుతో గాడి మీద కూర్చుంటుంది. మంచి టర్న్‌టేబుల్‌లో అది 2 గ్రాముల అటూఇటూనే. అరిగిన గాడి మళ్లీ పూడదు. పాత రికార్డుకి ఇంకో కాపీ దొరకడమూ కష్టమే.

నేనైతే మూడు చూస్తాను. టోన్ ఆర్మ్ వెనక బరువు సర్దుకునే వీలుందా? సూది అరిగితే మార్చుకోవచ్చా? ఫోనో ప్రీయాంప్ లోపలే ఉందా? అది లేకపోతే విడిగా కొనాలి. కొనకుండా స్పీకర్‌కి కలిపితే పాట సన్నగా, ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. బ్లూటూత్, రంగులు ఆ తర్వాత సంగతి.

ఇంకో మాట. లక్క రికార్డులు 78 స్పీడ్‌వి. వాటి గాడి వెడల్పు, సూది కూడా వేరే కావాలి. ఎల్పీ సూదితో వాటి జోలికి వెళ్లొద్దు.

బడ్జెట్ చాలట్లేదా? ఆర్నెల్లు ఆగండి. ఇన్నేళ్లు అటక మీద ఓపిగ్గా ఉన్న ఘంటసాల, ఇంకో ఆర్నెల్లు ఉండరా!