గోడలు చెబుతున్నా వినేదెవరు?
చెన్నై పాత ఇళ్లలో పొంచి ఉన్న ప్రమాదాలు - పరిష్కారాలు

2021 డిసెంబరు 27వ తేదీ ఉదయం ఉత్తర చెన్నైలోని తిరువొత్తియూరు, అరివాక్కుళం ప్రాంతంలో ప్రభుత్వ గృహ సముదాయానికి చెందిన ఒక భవనం ఉన్నట్టుండి నేలమట్టమైంది. 24 కుటుంబాల ఇళ్లు క్షణాల్లో శిథిలాల కుప్పగా మారాయి. అయినా ఒక్క ప్రాణమూ పోలేదు. గోడలలో పగుళ్లు పెరుగుతున్నాయని గ్రహించిన నివాసులు ఒకరినొకరు హెచ్చరించుకుని, కట్టుబట్టలతో వీధిలోకి రావడమే అందుకు కారణం. అనంతరం తమిళనాడు ప్రభుత్వం కుటుంబానికి లక్ష రూపాయల సాయాన్ని, ప్రత్యామ్నాయ నివాసాన్ని ప్రకటించింది. 1970లో మురికివాడల నిర్మూలన మండలిగా ఏర్పడి, 2021లో పట్టణ ఆవాస అభివృద్ధి మండలిగా పేరు మార్చుకున్న సంస్థ కట్టిన ఇళ్లవి. కూలేనాటికి ఆ కట్టడానికి మూడు దశాబ్దాలు కూడా నిండలేదన్నది గమనార్హం.

ఈ సంఘటన ఒక సత్యాన్ని స్పష్టం చేసింది. ఇల్లు ఉన్నట్టుండి కూలినట్లు కనిపించినా, కూలబోయే ముందు చాలాకాలం నుంచే సంకేతాలు ఇస్తూ ఉంటుంది. ఆ సంకేతాలను ఎవరు గమనించాలి, గమనించినవారు ఎవరికి చెప్పుకోవాలి, విన్నవారు ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేనంత కాలం ప్రాణాలు దక్కడం అదృష్టం మీదనే ఆధారపడి ఉంటుంది.

సరిహద్దు మండలాలకు ఇది పరాయి ఊరి సమస్య కాదు. సూళ్లూరుపేట, తడ, సత్యవేడు, నగరి, పుత్తూరు ప్రాంతాల నుంచి చదువుకు, వైద్యానికి, ఉద్యోగానికి చెన్నై వెళ్లే వారిలో అధికులు తక్కువ అద్దెకు దొరికే పాత ఇళ్లనే ఆశ్రయిస్తారు. తిరువల్లిక్కేణి మేన్షన్లలో గదులు పంచుకునే యువకులు, జార్జిటౌను వ్యాపార వీధులలో పైఅంతస్తులలో నివసించే కుటుంబాలు, నగర పారిశుధ్యాన్ని తరతరాలుగా మోస్తున్న తెలుగు కార్మికుల వాడలు - అందరి నెత్తిన ఉన్నది ఇంచుమించు ఒకే రకమైన పాత కప్పు. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకర్ వీధి వంటి పేర్లలోనే తెలుగువారి పాత నివాసాల చరిత్ర దాగి ఉంది. ఆంధ్రపత్రిక వెలువడినది ఆ తంబుచెట్టి వీధి నుంచేనన్నది విదితమే.

వయసు కాదు, తడి అసలు శత్రువు

పాత ఇల్లంటే ప్రమాదకరమైన ఇల్లు, కొత్త ఇల్లంటే భద్రమైన ఇల్లు అన్న అభిప్రాయం సరికాదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కూలిన 11 అంతస్తుల భవనం నిర్మాణంలో ఉన్నదే. 61 మంది మరణించిన ఆ దుర్ఘటనలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన కూలీలు అనేకులు అసువులు బాశారు. పక్కనే మిగిలిన జంట భవనాన్ని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. మరోవైపు నూరేళ్లు దాటిన మద్రాసు మిద్దెలు నేటికీ నిలిచి ఉన్నాయి. కనుక వయసు ఒక్కటే కొలమానం కాజాలదు. కట్టినప్పటి నాణ్యత, ఆ తరువాతి సంరక్షణ, అన్నిటికీ మించి గోడలోకి, కప్పులోకి చేరే తడి కట్టడపు ఆయుష్షును నిర్ణయిస్తాయి.

పాత మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి, పలుచని పెంకులు పరిచేవారు. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. అటువంటి గోడ పెచ్చులూడుతున్నదని దానిపై సిమెంటు పూత పూయడం నేటి తాపీ పనిలో సర్వసాధారణమైపోయింది. ఫలితంగా లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, పైకి నునుపుగా కనిపించే గోడ లోలోపల గుల్లబారుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. సున్నపు గోడకు సున్నంతోనే మరమ్మతు చేయడం ఈ వ్యవహారంలో మొదటి నియమం.

దూలాల సంగతి వేరు. గోడలో దిగిన దూలపు కొసలు తడికి ముందుగా పుచ్చుతాయి, చెదలు కూడా అక్కడే ప్రవేశిస్తాయి. మధ్యలో గట్టిగా కనిపించినంత మాత్రాన దూలం బాగున్నట్టు కాదు. కొసల వద్ద స్క్రూడ్రైవరు మొనతో గుచ్చినప్పుడు సులువుగా దిగిపోతే ఆ దూలం భారం మోసే స్థితిలో లేదని భావించాలి. పిట్టగోడ పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొక్కలది మరో ప్రమాదం. పైకి కనిపించే కొమ్మను నరికినందువల్ల ప్రయోజనం లేదు. వేరు గోడలో పెరుగుతూనే ఉంటుంది. వేళ్లను సమూలంగా తొలగించి, ఆ సందును పూడ్చినప్పుడే పని పూర్తయినట్లు.

1970ల తరువాత కట్టిన కాంక్రీటు ఇళ్లకు ఉప్పుగాలి ప్రధాన శత్రువు. కాంక్రీటులోకి చేరిన లవణం ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము మూల పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్ల వరకు ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. కప్పు అడుగున చువ్వల వెంబడి సాగే పగుళ్లు, గోధుమరంగు మరకలు, కర్రతో తట్టినప్పుడు డొల్లగా వినిపించే శబ్దం దీని ఆనవాళ్లు. ఊడిన పెచ్చును సిమెంటుతో పూడ్చి రంగు వేయడం రోగిని దుప్పటితో కప్పడం వంటిది. చువ్వ చుట్టూ బలహీనపడిన కాంక్రీటును తొలగించి, తుప్పును శుభ్రపరచి, అవసరమైన చోట కొత్త చువ్వ చేర్చి, ఆపైనే పూడ్చాలి. పరీక్ష లేకుండా సాగించే మరమ్మతు డబ్బుకు, ప్రాణానికి కూడా చేటు.

పగుళ్లన్నీ ఒకటి కావు. పూత మీది వెంట్రుక వాసి గీతలకు బెంబేలెత్తనవసరం లేదు. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పాకేవి, గోడకు రెండు వైపులా కనిపించేవి, నెలనెలా వెడల్పయ్యేవి మాత్రం ప్రమాద సూచికలు. పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్కను అతికించి తేదీ రాసి ఉంచడం ఇంజనీర్లు ఎరిగిన పాత పద్ధతి. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నదని అర్థం.

కనిపించని ముప్పు: విద్యుత్తు

కట్టడం కూలడం అరుదు. పాత ఇళ్లలో నిత్యం పొంచి ఉండే ముప్పు విద్యుత్తు. ఒకటి రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాల కోసం చెక్కపట్టీల మీద లాగిన తీగల పైనే నేడు ఏసీ, గీజరు, మోటారు, ఇండక్షన్ పొయ్యి భారం పడుతున్నది. ఏళ్ల తరబడి వేడికి పాత తీగల పైతొడుగు పెళుసుబారి రాలిపోతుంది. ఫ్యూజు పదేపదే పోతున్నదని మందపు తీగ చుట్టడం ఆత్మహత్యాసదృశం. ఫ్యూజు పోవడం ఒక హెచ్చరిక, దాని నోరు నొక్కితే గోడలోని తీగ కాలుతుంది. చాలా పాత ఇళ్లకు సరైన ఎర్తింగే ఉండదు.

30 మిల్లీఆంపియర్ల స్థాయిలో పనిచేసే ఆర్‌సీసీబీ పరికరాన్ని అమర్చితే, విద్యుత్తు మనిషి శరీరం గుండా నేలలోకి పారిన వెంటనే, సెకనులో అల్పభాగంలో సరఫరా నిలిచిపోతుంది. ఇంటి సంరక్షణలో అతి తక్కువ ఖర్చుతో అత్యధిక ప్రాణరక్షణ కలిగించే ఏర్పాటు ఇదే. 2015 డిసెంబరు వరదలలో, 2023 డిసెంబరు నాటి మిచాంగ్ తుపానులో చెన్నై ఇళ్లలోకి నీరు చేరిన తీరు తెలిసిందే. నేలకు అడుగు ఎత్తులో ప్లగ్గులు, మెట్ల కింద మీటర్లు ఉన్న ఇళ్లలో వాటిని వరద మట్టం కన్నా పైకి మార్చడం తప్పనిసరి.

అగ్నిప్రమాదం దీనికి కొనసాగింపే. 2012 జనవరిలో చేపాక్కంలోని చారిత్రక కలస మహల్ దగ్ధమైనప్పుడు మంటలార్పబోయిన అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కొయ్య కప్పులున్న పాత కట్టడాలలో మంట ఎంత ప్రాణాంతకమో ఆ ఘటన చాటింది. ఒకే ఇరుకు మెట్లదారి, దాని నిండా వాహనాలు, సామాను, తాళం వేసిన కిటికీ ఊచలు ఉన్న మేన్షన్లలో నివసించేవారు తప్పించుకునే రెండో దారి ఏదో ముందే తెలుసుకుని ఉండాలి.

నీరు, గాలి, ధూళి

1983 నాటి ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి ఊత్తుకోట మీదుగా ఏటా 12 టీఎంసీల కృష్ణా జలాలు చెన్నైకి చేరాలన్నది లక్ష్యం. వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన నీరు చివరి పదడుగులలో కలుషితం కావడం విచారకరం. తుప్పుపట్టిన గొట్టం మురుగు కాలువ పక్కనే సాగుతుంది. సరఫరా ఆగిన వేళ, లేదా మోటారుతో లాగిన వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోయి, బయటి మురుగు చిల్లుల గుండా లోపలికి చేరుతుంది. నేలమట్టానికి దిగువన మూత ఉన్న సంపులోకి వాననీరు సైతం దిగుతుంది. సంపు అంచును నేలకన్నా ఎత్తుకు పెంచడం, ఇంటి గొట్టాన్ని మార్చడం, అంతవరకు నీటిని మరిగించి తాగడం చేయదగిన పనులు. మూతలేని బావులు, తొట్లు మలేరియా, డెంగీ దోమలకు పుట్టిళ్లు.

మండువా లోగిళ్లను ఫైబరు రేకులతో మూసి గదులుగా అద్దెకివ్వడం వల్ల వెలుతురు, గాలి కరవై గోడలకు బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు, వృద్ధులకు అది తీవ్ర హాని చేస్తుంది. ఇంటి రంగులలో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90కి పరిమితం చేసే నిబంధన మనదేశంలో అమలులోకి వచ్చినది 2017 నవంబరులో మాత్రమే. అంతకుముందు వేసిన రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అందువల్ల పాత రంగును పొడిగా గీకడం తగదు. తడిపి గీకాలి, ఆ సమయంలో పసిపిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి. ఆస్‌బెస్టాస్ రేకుల విషయమూ అంతే. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. రేకును కోయడం, పగలగొట్టడం, చీపురుతో ఊడ్చడం వల్ల కంటికి కనబడని పోగులు ఊపిరితిత్తులలోకి చేరతాయి.

బాధ్యత ఎవరిది?

ఇన్ని ప్రమాదాలు తెలిసి కూడా మరమ్మతులు ఎందుకు జరగడం లేదు? ఇంటి యజమానికి వచ్చే అద్దె స్వల్పం, వారసుల నడుమ వాటాల తగాదా. అద్దెదారుకు నోరు తెరిస్తే ఖాళీ చేయమంటారన్న భయం. నగరపాలక సంస్థ ప్రమాదకర కట్టడమని నోటీసు ఇస్తుంది గాని, ఖాళీ చేసిన కుటుంబం ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు నోటీసులో జవాబు ఉండదు. ముగ్గురికీ మౌనమే చౌకగా తోస్తుంది, చివరికి దాని మూల్యం చెల్లించేది ఆ కప్పు కింద నిద్రించేవారు.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో తమిళనాడులో 2017 చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కట్టడపు మరమ్మతులు, నీటి గొట్టాలు, విద్యుత్ తీగల మార్పిడి యజమాని బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్చులు, కాలువల శుభ్రత వంటివి అద్దెదారు బాధ్యత. అయితే ఈ రక్షణ పొందాలంటే రాతపూర్వకమైన, నమోదైన ఒప్పందం ఉండాలి. నోటిమాట మీద గదులు తీసుకునే వలస కుటుంబాలకు చట్టం అక్షరాలకే పరిమితమవుతున్నది. సొంత ఫ్లాట్ల విషయంలో 2022 నాటి అపార్టుమెంటు యాజమాన్య చట్టం 2024 మార్చిలో అమలులోకి వచ్చి, మూడింట రెండు వంతుల యజమానుల అంగీకారంతో పునర్నిర్మాణానికి వీలు కల్పించింది. ఒకరిద్దరి మొండిపట్టుకు అందరూ బలికావలసిన దుస్థితి ఇకనైనా తగ్గాలి.

ముంబైలో 30 ఏళ్లు దాటిన భవనాలకు కట్టడపు తనిఖీని చట్టం తప్పనిసరి చేసింది. అక్కడి పాత అద్దె భవనాల నుంచి సెస్సు వసూలు చేసి, మరమ్మతులకు ప్రత్యేక మండలి నడుపుతున్నారు. అక్కడ కూడా ప్రమాదాలు ఆగలేదన్నది నిజమే. కానీ నోటీసుకు తోడు నిధి, తాత్కాలిక నివాసం ఉండాలన్న సూత్రం సరైనది. చెన్నై వంటి తీరనగరానికి ఆ సూత్రం అత్యవసరం.

ముందేది, తరువాతేది?

అన్నీ ఒకేసారి బాగుచేసే స్తోమత సామాన్య కుటుంబానికి ఉండదు. కనుక క్రమం పాటించడమే వివేకం. ప్రాణం తీసేదానికి అగ్రతాంబూలం ఇవ్వాలి: ఆర్‌సీసీబీ, ఎర్తింగ్, గ్యాసు గొట్టం, ఊడిపడేలా ఉన్న పెచ్చులు, వేలాడే సన్‌షేడ్లు. ఆ తరువాత నీరు దిగే దారులు: మేడమీది పగుళ్లు, పూడిన తూములు, కారే గొట్టాలు. మూడోది దూలాలు, చువ్వలు, గోడల మరమ్మతు. రంగులు, నునుపు పూతలు చిట్టచివర. లోకం ఈ వరుసను తలకిందులు చేసి పండుగకు ముందు రంగులతో మొదలుపెట్టి, రంగులతోనే ముగిస్తున్నది.

చెన్నైకి అసలు వాన అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. వేసవిలో మరమ్మతు, తొలివానకు పరిశీలన అన్నది ప్రతి ఇంటి నియమం కావాలి. పగుళ్లు వెడల్పయినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకున్నా, గోడలో చిటపటలు వినవచ్చినా తర్జనభర్జన లేకుండా బయటికి నడవాలి, ఆపైనే నగరపాలక సంస్థ 1913 నంబరుకు తెలియజేయాలి. అరివాక్కుళం వాసులు చేసినది సరిగ్గా అదే. సామాను పోయింది, ఇల్లు పోయింది, మనుషులు మిగిలారు. శ్రీకాళహస్తి నుంచి తిరుపతి వరకు పాత మిద్దెలున్న ఇవతలి పట్టణాలకు సైతం ఆ అనుభవం పాఠం కావాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు ఇళ్ల విషయంలో పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ కాలేది చేతులు మాత్రమే కాదు.